నిదానంగారి అరికాళ్ళు

పదకొండో వారం

"రెండో చెప్పు ఏదండీ?"

గడప దాటబోతున్న మనిషి ఆగి కిందికి చూసుకున్నాడు. ఎడమ కాలికి చెప్పు ఉంది. కుడి కాలికి లేదు.

డిపో నుంచి ఇంటికి పావుగంట నడక. మధ్యాహ్నం రెండున్నర ఎండ. రోడ్డు మీద తారు మెత్తబడి ఉంది. ఆ దారంతా అతను ఒంటి చెప్పుతో నడిచి వచ్చాడు. ఆ సంగతి భార్య అడిగాకే అతనికి తెలిసింది.

"ఎక్కడో ఊడిపోయినట్టుంది," అన్నాడు.

"ఊడిపోతే తెలీదా?"

అతను సంచీ గోడకి ఆనించి, కుర్చీలో కూర్చుని, మిగిలిన చెప్పు కూడా విడిచాడు. దాన్ని జాగ్రత్తగా గుమ్మం పక్కన పెట్టాడు, రెండోది వచ్చి పక్కన చేరుతుందన్నట్టు.

డిపోలో అతన్ని అందరూ నిదానంగారు అంటారు. ఇరవై ఆరేళ్ళుగా బస్సు నడుపుతున్నా, నిలబడ్డ మనిషి తూలిపడేలా ఒక్కసారి కూడా బ్రేకు వెయ్యలేదని ఆ పేరు పెట్టారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. ఇంట్లో కూడా అంతే. గొంతు పెంచడు. తలుపు గట్టిగా వెయ్యడు.

భార్య నేల మీద కూర్చుని అతని కుడి పాదం ఒళ్ళోకి తీసుకుంది. ఆమె బైండింగు షాపులో పుస్తకాలు కుడుతుంది. ఎంత కడిగినా వేళ్ళకి జిగురు వాసన వదలదు. ఆ వేళ్ళతో అరికాలి దుమ్ము తుడిచింది. బొటనవేలి కింద బఠాణీ గింజంత బొబ్బ లేచి ఉంది. దాని పక్కనే చిన్న రాయి చర్మంలో దిగబడి ఉంది. గోటితో దాన్ని పెకలించి తీసింది.

"నొప్పి పుట్టలేదా?"

"మంటగా ఉంది."

"ఇక్కడా?"

"అక్కడని కాదు. పాదమంతా. లోపల్నించి."

"రాయి గుచ్చుకుంటే తెలీదు, బొబ్బ లేస్తే తెలీదు. మంట మాత్రం తెలుస్తుందా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

పది వారాల కింద పాత డాక్టరు చెప్పిన మాట ఆమెకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. షుగర్ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉండి పాదాల నరాలు దెబ్బతిన్నాయని, తిండి అదుపులో పెట్టాలని చెప్పి, మాత్రలు రెట్టింపు చేశాడు. ఆ సాయంత్రమే ఆమె వంటింట్లోంచి పంచదార డబ్బా తీసేసింది. తీపి డ్రింకు సీసాలు, బిస్కెట్లు, తెల్ల బ్రెడ్డు కనబడకుండా చేసింది. అన్నం గ్లాసుతో కొలిచి పెట్టడం మొదలుపెట్టింది. షుగర్ దిగితే మంట దిగుతుంది. ఆమె లెక్క అంతే, సూటిగా ఉంది.

కానీ దిగాల్సింది ఎక్కుతోంది. మొదట్లో సాయంత్రాలు చురుక్కుమనేది. ఇప్పుడు దుప్పటి అంచు తగిలినా అతను పళ్ళు బిగబడుతున్నాడు.

బొబ్బకి మందు రాసి, గుడ్డ కట్టి, సంచీలోంచి అన్నం డబ్బా తీసింది. ఖాళీగా ఉంది. అది చూసి కొంచెం తృప్తి కలిగింది. తర్వాత పక్క అర తడిమింది. చేతికి నాలుగు కాగితాలు వచ్చాయి. ఎరుపు, పసుపు, మెరుస్తున్నాయి.

"ఇవేంటి?"

"టాఫీ కాగితాలు."

"అది నాకూ కనబడుతోంది. ఎవరు తిన్నారు?"

"నేనే."

ఆమె కాగితాల్ని అరచేతిలో పరుచుకుని చూసింది.

"అందుకా తగ్గనిది? నేనిక్కడ అన్నం మెతుకులు లెక్కపెట్టి వండుతున్నాను. టీలో పంచదార మానేసి పది వారాలైంది, నేను కూడా. మీకు తోడుగా ఉండాలని. మీరేమో అక్కడ టాఫీలు చప్పరిస్తున్నారు!"

"రోజూ కాదు."

"ఎప్పుడెప్పుడు మరి?"

"అవసరమైనప్పుడు."

"టాఫీ తినడానికి అవసరమేంటండీ? మీరేమన్నా చిన్నపిల్లాడా?"

"చెప్పినా నమ్మవులే."

"నమ్మేలా చెప్పండి."

అతను కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుని, రెండు పాదాలూ చల్లటి గచ్చు మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ గిన్నెలు కింద పెడుతున్న చప్పుడు అవసరమైనదాని కన్నా కొంచెం ఎక్కువగానే వినిపించింది.

ఐదింటికి బావమరిది వచ్చాడు. అదే డిపోలో మెకానిక్కు. పక్క వీధిలోనే ఉంటాడు. రోజూ డ్యూటీ దిగి, అక్క చేతి టీ తాగాక గానీ ఇంటికి వెళ్ళడు.

"ఏంటక్కా, ఇల్లింత నిశ్శబ్దంగా ఉంది? పొరపాటున వేరే ఇంటికి వచ్చానా?"

"మీ బావనడుగు."

"బావా, ఒంటి చెప్పుతో నడిచొచ్చావని డిపో అంతా చెప్పుకుంటున్నారు. ఒక కాలికి డ్యూటీ, ఒక కాలికి సెలవా?"

నిదానంగారు నవ్వాడు గానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. అక్క టాఫీ కాగితాలు తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది.

"చూడు. సాక్ష్యం."

"నన్ను పోలీసుని చేస్తున్నావేంటి?" అని అతను షుగర్ చూసే మీటరు అందుకున్నాడు. "సాక్ష్యం కావాలంటే ఇది చెబుతుంది. ఏదీ బావా, వేలు."

సూది గుచ్చితే చుక్క రక్తం వచ్చింది. ముగ్గురూ ఆ చిన్న తెర మీదికి వంగారు.

డెబ్బై ఆరు.

"ఇంతేనా?" అంది ఆమె. "టాఫీలు తిన్న మనిషికి డెబ్బై ఆరా? మీటరు పాడైనట్టుంది."

"ఉండు." తమ్ముడు కొత్త సూదితో తన వేలు పొడుచుకున్నాడు. "నూట ముప్పై ఒకటి. మధ్యాహ్నం రెండు బన్నులు తిన్నాను. మీటరు నిజమే చెబుతోంది. నా నోటి కంటే నయం."

ఆమె గోడకి వేలాడదీసిన చిన్న నోటు పుస్తకం తీసింది. షాపులో మిగిలిన కాగితాలతో తనే కుట్టుకున్న పుస్తకం అది. వారానికి రెండుసార్లు అంకెలు రాసి పెడుతోంది. రెండు వందల ఎనభైతో మొదలై కిందికి దిగుతూ వచ్చాయి. పోయిన నెల నుంచి మరీ వేగంగా దిగాయి. ఆ అంకెలు చూసి సంబరపడింది ఆమే. మరి ఇంత బాగా దిగుతుంటే ఆ కాళ్ళు ఎందుకు కాలుతున్నాయి?

"వీటిని చూస్తే మీరు దొంగతిండి తింటున్నట్టు లేదు," అంది మెల్లగా. "టాఫీల సంగతి చెప్పరా మరి?"

"ఇప్పుడొద్దు," అన్నాడతను.

టీ చల్లారిపోయింది. బావమరిది మళ్ళీ జోకు వెయ్యలేదు.

మర్నాడు ఆదివారం. అతనికి సెలవు. పొద్దున్నే ఎవరో తలుపు తట్టారు. అతని బస్సులో కండక్టరుగా చేసే అమ్మాయి. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. టిక్కెట్టు చింపే వేగంతోనే మాట్లాడుతుంది. చేతిలో పేపరు చుట్టిన పొట్లం ఉంది.

"డ్రైవర్‌గారి చెప్పమ్మా. బస్సులు కడిగే చోట బురదలో దొరికింది. కడిగి తెచ్చాను."

"అయ్యో, లోపలికి రామ్మా. ఆయన స్నానం చేస్తున్నారు. కూర్చో, టీ తాగుదువుగాని."

"వద్దమ్మా, షిఫ్టుకి వెళ్ళాలి. అన్నట్టు నిన్నటి చిక్కుడుకాయ కూర ఎంత బావుందో! అంతకు ముందు గుడ్డు, ఆకుకూర కలిపి చేశారే, అది కూడా. మా అమ్మ వంటకి ఇప్పుడు వంకలు పెడుతున్నాను మీవల్ల."

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"నా కూర నువ్వెప్పుడు తిన్నావు?"

"రోజూ నేనేగా తింటున్నది! ఆకలి లేదు, నువ్వు తినెయ్యమ్మా అంటారు డ్రైవర్‌గారు. డబ్బా ఖాళీ అవ్వకపోతే మీరు బాధపడతారట..." అమ్మాయి మాట మధ్యలో తెగింది. ఎదురుగా ఉన్న ముఖం చూసి చెయ్యి నోటి మీద పెట్టుకుంది. "మీకు తెలీదా?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెల దాటిందమ్మా."

"మరి ఆ టాఫీలు?"

"అవి నేనిచ్చినవే. ఒక్కోసారి ఆయనకి చేతులు వణుకుతాయి. మొన్న వంతెన దగ్గర చెమటలు పట్టేసి బస్సు పక్కకి ఆపేశారు. టాఫీ చప్పరించాక ఐదు నిమిషాలకి సర్దుకున్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు... చెప్పేశాను కదా."

"మంచిపని చేశావు," అంది ఆమె. చెప్పు అందుకుని తలుపు దగ్గరగా వేసింది.

అతను తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆమె భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎదుట ఖాళీ అన్నం డబ్బా పెట్టుకుంది.

"ఎందుకండీ?"

అతను డబ్బా వంక చూశాడు. గుమ్మంలో ఉన్న జత చెప్పుల వంక చూశాడు. సంగతి అర్థమైంది. ఎదురుగా కూర్చున్నాడు.

"పై నెల మాకు మెడికల్ ఉంది. కళ్ళు, చెవులు, కాళ్ళు అన్నీ చూస్తారు. ఈలోగా కాళ్ళు బాగవ్వాలనుకున్నాను. సగం తింటే కొంచెం తగ్గుతుందన్నారు కదా, అసలు తినకపోతే త్వరగా తగ్గుతుందేమోనని..."

"పొద్దున ఏం తినేవారు?"

"నువ్వు పెట్టిందే. ఇంట్లో మానేస్తే నువ్వు ఊరుకోవుగా. మధ్యాహ్నమే మానేశాను."

"మాత్రలు?"

"అవి మానలేదు. పూటకి రెండేసి వేసుకున్నాను."

ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగింది.

"నిన్న మిమ్మల్ని దొంగతిండి తింటున్నారనుకున్నాను."

"దొంగతనం చేసిన మాట నిజమేగా. తినకపోయినా దొంగతనమే."

"అందరు మొగుళ్ళూ పెళ్ళాలకి తెలీకుండా తింటారు. నాకు దొరికినాయనేమో తెలీకుండా పస్తులుంటాడు," అంటూ ఆమె లేచింది. గుడ్డు వేయించి, రెండు ముక్కల ముతక బ్రెడ్డు కాల్చి, టమాటా తరిగి అతని ముందు పెట్టింది. అతను తింటున్నంతసేపూ ఎదుటే కూర్చుంది. అతను ఒక్క ముక్క కూడా మిగల్చలేదు.

సోమవారం అతను సెలవు పెట్టాడు. ఈసారి వేరే ఆసుపత్రికి వెళ్ళారు. నరాల డాక్టరమ్మ చిన్న మనిషి, చెవి మీద పెన్ను పెట్టుకుని ఉంది. ఆమె ముందుగా కాగితాలు చూడలేదు. అతని సాక్సులు విప్పించి పాదాలు చూసింది. బొబ్బ శుభ్రం చేసి కొత్త కట్టు వేయించింది. తర్వాత నైలాను దారం లాంటి సన్నటి పుల్ల తీసింది.

"కళ్ళు మూసుకోండి. తగిలినప్పుడల్లా ఊఁ అనండి."

ఎడమ పాదానికి ఐదుసార్లు ఊఁ అన్నాడు. కుడి పాదానికి రెండుసార్లు అన్నాడు. చాలాసేపటికి, "ఆపేశారేం డాక్టర్‌గారూ," అన్నాడు కళ్ళు మూసుకునే.

పక్కన నిలబడి చూస్తున్న భార్య గోడకి ఆనుకుంది. పుల్ల ఒక్కో పాదం మీద పది చోట్ల వంగేదాకా నొక్కడం ఆమె కళ్ళారా చూసింది.

"అయిపోయిందండీ," అంది డాక్టరమ్మ.

రక్తపరీక్ష కాగితం మధ్యాహ్నానికి వచ్చింది. షుగర్ మూడు నెలల సగటు పది వారాల కింద పన్నెండు శాతం. ఇప్పుడు ఏడున్నర.

"ఏం చేశారు ఇంత త్వరగా దించడానికి?"

భార్య అంతా చెప్పింది. పంచదార డబ్బా నుంచి అన్నం డబ్బా దాకా. డాక్టరమ్మ మధ్యలో ఎక్కడా అడ్డు రాకుండా వింది.

"అమ్మా, మీరు చేసింది తప్పు కాదు. పంచదార, తీపి డ్రింకులు మానడం మంచిదే. అవి అలాగే ఉంటే నరాలు ఇంకా పాడవుతాయి. కానీ ఒక్కోసారి షుగర్ మరీ వేగంగా దిగితే, కొన్నాళ్ళు మంట ఎక్కువవుతుంది. అటు మాత్రలు రెట్టింపు అయ్యాయి, ఇటు తిండి సగమైంది. ఆ నరాలు ఏళ్ళ తరబడి ఒక రకంగా ఉండి, రెండు నెలల్లో ఇంకో రకంగా ఉండమంటే గోల చేస్తున్నాయి. ఎందుకలా జరుగుతుందో మాకు కూడా పూర్తిగా తెలీదు."

"అంటే మళ్ళీ పంచదార తినాలా?" అన్నాడతను. ఆ గొంతులో చిన్న ఆశ ఉందని ఇద్దరు ఆడవాళ్ళూ కనిపెట్టారు.

"తినకూడదు," అంది డాక్టరమ్మ నవ్వి. "వేళకి భోజనం తినాలి. కంచంలో సగం కూరలు, పావు వంతు అన్నమో బ్రెడ్డో, మిగతా పావు గుడ్డో చేపో పప్పో. ఏ పూటా మానకూడదు. మాత్రల మోతాదు నేను తగ్గిస్తాను. చేతులు వణికినప్పుడు టాఫీ చప్పరించడం సరైన పనే. కానీ అలా వణికే దాకా రానివ్వకూడదు. మీ మాత్రల్లో ఒకదాన్ని ఏళ్ళ తరబడి వాడితే బి పన్నెండు విటమిన్ తగ్గొచ్చు. దానివల్ల కూడా కాళ్ళు మండుతాయి. అది కూడా పరీక్ష చేద్దాం. మంటకి వేరే మాత్ర రాస్తాను."

"తగ్గుతుందా?"

"ఈ మంట చాలామందికి కొన్ని నెలల్లో నెమ్మదిస్తుంది. మొద్దుబారిన చోట స్పర్శ తిరిగొస్తుందని మాత్రం మాట ఇవ్వలేను. ఉన్నది పోకుండా కాపాడుకుందాం." కాగితం మీద రాస్తూ తలెత్తింది. "ఏం పని చేస్తారు మీరు?"

అతను భార్య వంక చూశాడు. భార్య నేల వంక చూసింది.

"బస్సు నడుపుతాను."

పెన్ను ఆగింది.

"కుడి కాలితోనేనా బ్రేకు?"

"అవునండీ."

డాక్టరమ్మ కొత్త కాగితం తీసుకుంది. చాలాసేపు రాసింది. రాసింది మడిచి అతని చేతికే ఇచ్చింది.

"స్పర్శ లేకపోవడం ఒకటి, చేతులు వణకడం ఒకటి. ఈ రెండూ ఉండగా నడపకూడదు. ఇది మీ ఆఫీసులో ఇవ్వండి. నేను పంపను, మీరే ఇవ్వాలి. మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తాను. అప్పటిదాకా బస్సెక్కండి గానీ వెనక సీటులోనే ఎక్కండి."

ఆ సాయంత్రం బల్ల మీద తమ్ముడితో కలిపి ముగ్గురికీ ఒకేలాంటి కంచాలు పెట్టింది ఆమె. గుమ్మడికాయ కూర, ఆకుకూర, కొంచెం అన్నం, చేప ముక్క. డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ మంచినీళ్ళ కూజా పక్కన ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"మెడికల్ ఇంకా మూడు వారాలుంది," అన్నాడు నిదానంగారు. "వేళకి తింటే, మాత్రలు తగ్గిస్తే, వణుకు ఆగిపోతుంది."

"స్పర్శో?"

"ఇరవై ఆరేళ్ళ అలవాటు. నా కాలికి ఆ పెడల్ ఎక్కడుందో నిద్రలో కూడా తెలుసు."

"మీ కాలికి చెప్పు ఎక్కడుందో తెలీలేదు."

అతను ముద్ద కలుపుతూ ఆగిపోయాడు.

"ఆ సీటు లోంచి దింపేస్తే నేనేం చెయ్యను? పార్సిళ్ళు రాసే గదిలో కూర్చోబెడతారు. నిదానంగారని పిలిచేవాళ్ళే పాపం అని పిలుస్తారు."

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. ఇలాంటప్పుడు వాడే ఏదో ఒకటి అని నవ్విస్తాడు. వాడు తల వంచుకుని కూర్చున్నాడు. అన్నం ముట్టలేదు.

"ఏరా, నీకేమైంది?"

"అక్కా, నేనొక పని చేశాను."

"ఒరేయ్," అన్నాడు బావ.

"చెప్పనీ బావా. నెల కింద బావ అడిగాడు, పెడల్ జారుతున్నట్టుంది, పైన గరుకు రబ్బరు వెయ్యమని. చూశాను. పెడల్ జారట్లేదు. బావకే తెలియట్లేదు. అది నాకర్థమైంది. అయినా వేశాను. ఆ మర్నాడు బండి బాగుందని సంతకం పెట్టాను."

"సంతకం పెట్టావా?"

"బ్రేకులు బాగానే ఉన్నాయక్కా. నడిపేవాడి కాలి సంగతి రాయడానికి ఆ కాగితంలో గడి లేదు."

కూరలోంచి ఆవిరి రావడం ఆగిపోయింది. ఆమె లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చింది. వచ్చి ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. కోపం వస్తే బాగుండునని ఆమెకే అనిపించింది.

"ముందు అన్నం తినండి ఇద్దరూ," అంది. "మానడానికి వీల్లేదని డాక్టరమ్మ చెప్పింది."

మంగళవారం పొద్దున ఆరున్నరకి అతను యూనిఫాం వేసుకుని, బూట్లు కట్టుకుంటున్నాడు. ఆమె కూడా తయారై వచ్చింది. భుజాన సంచీ ఉంది.

"షాపు తొమ్మిదింటికి కదా?"

"షాపుకి కాదు. మీ బస్సెక్కుతాను."

"ఎక్కడికెళ్ళడానికి?"

"మీరు ఎక్కడికి తీసుకెళితే అక్కడికి. మీ కాలి మీద మీకంత నమ్మకముంటే నాకూ ఉండాలి కదా."

అతను బూటు తాడు లాగి వదిలేశాడు. మళ్ళీ లాగి ముడి వేశాడు. దారిలో ఇద్దరూ పక్కపక్కనే నడిచారు.

బస్సు అప్పటికే సగం నిండింది. ఒళ్ళో పసిబిడ్డతో ఒక తల్లి, బడి సంచులతో నలుగురు పిల్లలు, కిటికీ చట్రం ఒకటి నిలబెట్టి పట్టుకున్న వడ్రంగి. ఆమె కండక్టరమ్మాయి దగ్గర టిక్కెట్టు తీసుకుని డ్రైవరు వెనక సీటులో కూర్చుంది. కండక్టరమ్మాయి ఇద్దర్నీ చూసి, అడగబోయిన మాట మింగేసింది.

అతను ఇంజను స్టార్టు చేశాడు. అద్దం సర్దాడు. అద్దంలో భార్య, ఆమె వెనక పసిబిడ్డ టోపీ, పిల్లల తలలు కనబడ్డాయి. కుడి కాలు బ్రేకు మీద పెట్టాడు. పెట్టానో లేదో తెలుసుకోవడానికి తల వంచి కిందికి చూశాడు.

పాదం పెడల్ మీదే ఉంది. కానీ చూస్తేనే తెలిసింది. నెల రోజులుగా తను ఇలాగే చూస్తున్నాడు. కిందికి చూసిన ఆ ఒక్క క్షణం రోడ్డు ఎవరు చూస్తున్నారో ఇన్నాళ్ళూ తనని తను అడగలేదు.

ఇంజను ఆపేశాడు.

"ఏమైంది సార్?" అంది కండక్టరమ్మాయి.

"ఇంకో డ్రైవరు వస్తాడమ్మా. పది నిమిషాలు ఆగమను అందర్నీ."

దిగాడు. ప్రయాణికుల తలుపులోంచి ఆమె కూడా దిగింది. అతను చెయ్యి చాపాడు. ఆమె సంచీలోంచి చీటీ తీసి ఆ చేతిలో పెట్టింది. ఇద్దరూ కలిసి మేనేజరు గది దాకా వెళ్ళారు. ఆమె బయట బల్ల మీద కూర్చుంది. తలుపు తెరిచే ఉంది.

మేనేజరు చీటీ రెండుసార్లు చదివాడు.

"మీలాంటి డ్రైవరు ఇలా వచ్చి చెప్పడం... నాకు సంతోషమో బాధో తెలీట్లేదు నిదానంగారూ. కూర్చోండి. ఇది నిన్నటి చీటీ. నిన్న మీరు సెలవు. అంతకు ముందో?"

"అంతకు ముందూ ఇలాగే ఉందండీ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెల పైన."

మేనేజరు చీటీ బల్ల మీద పెట్టాడు. గొంతు మారింది.

"ఆ నెలంతా బస్సు మీరే నడిపారు. ఈ సంగతి మీకు కాకుండా ఇంకెవరికి తెలుసు?"

నిదానంగారు బల్ల మీది చీటీ వంకే చూశాడు. గోడ గడియారం చప్పుడు బయట బల్ల దాకా వినబడింది.

"అడుగుతున్నాను. ఇంకెవరికి తెలుసు?"

"నాకు తెలుసు సార్."

ఆమె ఉలిక్కిపడి చూసింది. తమ్ముడు ఎప్పుడొచ్చాడో, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అక్క వైపు చూడలేదు. నేరుగా లోపలికి నడిచాడు.

"నువ్వా? ఆ బండికి సంతకం పెట్టేది నువ్వే కదా?"

"అవును సార్."

మేనేజరు లేచి వచ్చి తలుపు మూశాడు.

ఆవరణలో కొత్త డ్రైవరు ఎక్కినట్టున్నాడు. బస్సు కదిలి వెళ్ళిపోయింది. ఆమె ఒళ్ళో సంచీ రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. లోపలి మాటలు గొణుగుడులా వస్తున్నాయి, ఒక్కటీ తెలియడం లేదు. తమ్ముడికి ఇద్దరు పిల్లలు. వాడికి ఈ పని తప్ప వేరేది రాదు.

అప్పుడు వినబడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ విననిది. ఆమె భర్త గొంతు, పైకి లేచి, తలుపు చెక్క దాటి వచ్చింది.

"వాణ్ణి పనిలోంచి తీసేస్తే నేను ఊరుకోను సార్! అడిగింది నేను!"

ఆ వెంటనే లోపల కుర్చీ ఒకటి కిర్రుమని వెనక్కి జరిగింది. ఆమె లేచి నిలబడింది. తలుపు పిడి మీద చెయ్యి వేసింది.